ఓషధి - అనుభవం - అధికారం

1955 జూన్ 29వ తేదీ రాత్రి, మెక్సికో దేశంలో ఒహాకా రాష్ట్రానికి చెందిన వావుత్లా అనే కొండ ఊరిలో, ఒక ఇంట్లో దీపాలు ఆర్పివేశారు. ధూపం అలముకున్న ఆ చీకటిలో మరియా సబీనా అనే మజాటెక్ స్త్రీ రాత్రంతా పాడారు. ఆమెకు అక్షరజ్ఞానం లేదు. స్పానిష్ భాష కూడా రాదు. ఆమె జతలు జతలుగా అందించిన పుట్టగొడుగులను తిన్నవారిలో ఒకరు న్యూయార్క్‌లోని ఒక పెద్ద బ్యాంకు ఉపాధ్యక్షులు రాబర్ట్ గోర్డన్ వాసన్. ఆయనను అక్కడికి చేర్చింది ఊరి పురపాలక అధికారి. అధికారి అడిగితే కాదనలేకపోయానని ఆమె తరువాతి కాలంలో చెప్పుకున్నారు.

మరియా సబీనా ఆ పుట్టగొడుగులను 'పవిత్ర బాలలు' అనేవారు. శాస్త్రదృష్టిలో శిలీంధ్రం మొక్క కాదు కానీ, ఈ చర్చకు సంబంధించినంతవరకు దానిని ఓషధి అనడంలో దోషం లేదు. రోగి ఉంటేనే ఆ రాత్రి జాగరణకు అర్థం. రోగం ఏమిటో, ఎందుకు వచ్చిందో పవిత్ర బాలలు చెబుతారు. ఆమె గొంతు వారి మాటను పలుకుతుంది. చెల్లెలు జబ్బుపడినప్పుడు తాను వాటిని అధికంగా సేవించగా ఒక గ్రంథం దర్శనమిచ్చిందని, చదువురాని తాను దానిని చదవగలిగానని ఆమె చెప్పారు. అపౌరుషేయమైన వాక్కును నమ్మిన సంప్రదాయంలో పెరిగిన భారతీయ పాఠకునికి ఈ మాట వింతగా తోచదు.

1957లో వాసన్ తన అనుభవాన్ని లైఫ్ పత్రికలో ప్రకటించారు. ఆమె పేరును, తెగ పేరును మార్చి వ్రాశారు. ఆ జాగ్రత్త ఎంతోకాలం నిలవలేదు. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోఫ్‌మన్ ఆ పుట్టగొడుగుల నుంచి సిలోసైబిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. 1960ల చివరికి ఉత్తర అమెరికా యువతీయువకులు గుంపులు గుంపులుగా వావుత్లాకు చేరారు. ప్రభుత్వం సైన్యాన్ని పంపి దారి మూయించవలసి వచ్చింది. మరియా సబీనా ఇల్లు తగులబడింది. ఊరివారిలో పలువురు జరిగినదానికంతటికీ ఆమెనే నిందించారు. వాసన్ రాకమునుపు దేవుణ్ణి వెదకడానికని పవిత్ర బాలలను ఎవరూ తినలేదని, రోగులకు స్వస్థత కోసమే తినేవారని, విదేశీయులు వచ్చాక వాటి శక్తి పోయిందని ఆమె వాపోయారు.

ఓషధుల వల్ల కలిగే ఆధ్యాత్మికానుభవం గురించి పాశ్చాత్యుల వాదం వేరొక ప్రశ్న చుట్టూ తిరిగింది: ఆ అనుభవం సత్యమా, భ్రమా? 1954లో ఆల్డస్ హక్స్‌లీ మెస్కలిన్ అనుభవాన్ని గ్రంథస్థం చేసి దానిని యోగుల దర్శనం సరసన నిలిపితే, 1957లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యులు జేనర్ దానిని ఖండించారు. 2006లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ప్రకటించిన పరిశోధనలో సిలోసైబిన్ తీసుకున్నవారిలో మూడింట రెండు వంతుల మంది దానిని తమ జీవితంలోని అత్యంత సార్థకమైన అయిదు అనుభవాలలో ఒకటిగా పేర్కొన్నారు. వారి నిజాయితీని శంకించనక్కరలేదు. అయితే మరియా సబీనా ఫిర్యాదు వచ్చినవారు చూసినది అబద్ధమని కాదు. వారు రోగులు కారని మాత్రమే.

పతంజలి ఈ సంగతిని రెండు మూడు మాటలలో తేల్చారు. యోగసూత్రాల నాలుగవ పాదం మొదట్లోనే సిద్ధులు జన్మ, ఓషధి, మంత్రం, తపస్సు, సమాధి అనే అయిదింటి వల్ల కలుగుతాయన్నారు. అంటే ఓషధి వల్ల కలిగే సిద్ధి ఉన్నదనే ఆయన అంగీకరించారు. కానీ కొద్ది సూత్రాల తరువాత, వీటిలో ధ్యానజమైన చిత్తానికే కర్మాశయం ఉండదని చెప్పారు. తక్కిన మార్గాలన్నీ శేషం మిగిల్చేవే. ఆ శేషం సాధకుని మీదనే కాక, అతనికి ఓషధి అందించినవారి మీద కూడా పడవచ్చునని వావుత్లా చెబుతున్నది.

మన దేశంలో ఈ కథ తలక్రిందులుగా నడిచింది. ఋగ్వేదం తొమ్మిదవ మండలం దాదాపుగా అంతా సోమస్తుతి. ఆ సోమం ఏ మొక్కో ఈనాటికీ పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. అది ఎర్రని గొడుగుపై తెల్లని చుక్కలుండే ఒక పుట్టగొడుగు అని 1968లో వాదించింది కూడా ఆ వాసన్ గారే. అసలు ఓషధి దొరకనప్పుడు పూతికం వంటివాటిని వాడవచ్చునని బ్రాహ్మణ గ్రంథాలే అనుమతించాయి. కోనసీమ అగ్రహారాలలో సోమయాగాలు చేసిన ఆహితాగ్నుల జీవితాలను అమెరికా పండితుడు డేవిడ్ నైప్ 2015లో వెలువడిన తన గ్రంథంలో వివరంగా నమోదు చేశారు. వారు రాళ్లతో దంచి, హోమం చేసి, శేషాన్ని త్రాగిన రసం మత్తు కలిగించేది కాదు. మొక్క పోయింది, క్రతువు మిగిలింది. వావుత్లాలో మొక్క మిగిలింది; దానిని తినవలసిన సందర్భం పోయింది.

మత్తులేని సోమయాగం ఒట్టి డొల్ల కాదా అని అడిగేవారు ఉన్నారు. ఆ అనుమానాన్ని తేలికగా కొట్టివేయలేము. అయితే జైమిని మీమాంస ఈ విషయాన్ని ఆలోచించిన తీరు గమనించదగినది. ప్రతినిధి ద్రవ్యాన్ని గురించిన చర్చ ఆరవ అధ్యాయంలో ఉంది. అధికార విచారణ కూడా ఆ అధ్యాయంలోనిదే. ఎవరు చేయాలి, ఎందుకు చేయాలి అన్నది స్థిరపడితే, ఏ ద్రవ్యంతో అన్నదానికి కొంత సడలింపు ఉంటుంది. మొదటిది చెడితే అసలు ద్రవ్యం చేతిలో ఉన్నా ఫలం లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దానిని దాచడం న్యాయం కాదు. అధికారం అనే మాట మన సమాజంలో చాలా తలుపులు మూసింది. యజ్ఞంలో నాలుగు వర్ణాలకూ అధికారం ఉందని బాదరి అన్న మాటను జైమిని ప్రస్తావించి మరీ త్రోసిపుచ్చారు. స్త్రీకి భర్తతో కూడి మాత్రమే అధికారమన్నారు. ఆ లెక్కన పేద, నిరక్షరాస్య, వితంతువు అయిన మరియా సబీనాకు ఏ అధికారమూ లేదు. కానీ ఆమె చెప్పిన అధికారం పుట్టుకను బట్టి వచ్చేది కాదు, అవసరాన్ని బట్టి వచ్చేది. రోగి ఎవరైనా సరే ఆమె ఇంటి తలుపు తెరుచుకునేది. కుతూహలానికి ఆ తలుపు తెరుచుకోవలసిన పని లేదు. శాస్త్రకారులు అధికారానికి మొదట చెప్పిన లక్షణం కూడా అర్థిత్వమే. కాకపోతే జ్ఞానం కావాలనుకోవడం కూడా ఒక ఆర్తి అని వాసన్ పక్షాన వాదించవచ్చు. ఆ వాదానికి బలం ఉంది. కానీ ఆయన ఆర్తి తీరడానికి అయిన ఖర్చును చెల్లించినది ఆయన కాదు.

1977లో మజాటెక్ రచయిత ఆల్వారో ఎస్త్రాదా ఆమె జీవితకథను ఆమె నోటి మాటగా ప్రచురించారు. 1985లో ఆమె పేదరికంలోనే కన్నుమూశారు. ఆ పుస్తకం కోసం ఎస్త్రాదా అదే ప్రాంతంలోని మరొక వృద్ధ వైద్యుణ్ణి కలిశారు. పవిత్ర బాలలు ఇప్పుడేమంటున్నాయని అడిగితే, అవి తమకు అర్థంకాని భాషలో మాట్లాడుతున్నాయని, ఆ భాష ఇంగ్లీషని ఆయన బదులిచ్చారు.