కొత్త స్నేహితులు, రెండు రోజుల విహారం

కొత్త స్నేహితులతో కలిసి కొత్త ఊరు చూడబోయే పిల్లలకు నీతిబోధ ఎందుకు, హాయిగా తిరిగి రానివ్వక? అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. విహారం పాపం కాదు. దేవుడు చేసిన లోకాన్ని చూచి సంతోషించడం కూడా ఆయనను స్తుతించడమే. అయితే మనిషి స్వభావం పనిలో ఉన్నప్పటి కంటె సరదాగా ఉన్నప్పుడే ఎక్కువ బయటపడుతుంది. అందుకే ఈ వారం ఈ చిన్న విషయాన్ని కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

మన మేత్రాసనంలోని తాడేపల్లిగూడెంలో 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ప్రారంభమైంది. అందరూ 'నిట్' అంటారు. అందులో సగం సీట్లు మన రాష్ట్రపు పిల్లలకు, సగం ఇతర రాష్ట్రాల పిల్లలకు. ఉల్లిపాయల మార్కెట్టుకు పేరుపడిన ఊళ్లో ఇప్పుడు దేశంలోని అన్ని మూలల మాటలూ వినిపిస్తున్నాయి. చేరిన మొదటి నెల తిరిగేసరికి ఒక జట్టు ఏర్పడుతుంది. ఒకరిది కేరళ, ఒకరిది బీహారు, ఒకరిది కడప. శుక్రవారం రాత్రి హాస్టలు గదిలో పథకం తయారవుతుంది. శనివారం పొద్దున్నే ఏలూరు వెళ్లి, కృష్ణా కాలువ, గోదావరి కాలువ కలిసే ఊరు చూడాలి. మధ్యాహ్నం ద్వారకా తిరుమల. చీకటి పడకముందే గుంటుపల్లి బౌద్ధ గుహలు. ఆదివారం తెల్లవారుజామునే బయలుదేరి, కైకలూరు పక్కనున్న ఆటపాకలో పడవెక్కి కొల్లేటి పక్షులను చూడాలి. కారు అద్దెకు, తిండికి, పడవకు తలా ఇంత.

ఈ పథకంలో చూడవలసిన చోట్లు అన్నీ ఉన్నాయి. మనుషులు మాత్రం ముగ్గురు జారిపోయే ప్రమాదం ఉంది.

మొదటివాడు డబ్బు లేనివాడు. "నాకు ఒంట్లో బాగోలేదురా, మీరు వెళ్లిరండి" అంటాడు. అది నిజం కాదని తెలిసినా నమ్మినట్లు ఉండిపోవడం మిగతావారికి తేలిక. తలా ఇంత అనే లెక్క పైకి సమానమే. కాని ఒక ఇంట్లో ఆ మొత్తం వారం రోజుల కూలి, మరొక ఇంట్లో ఒక పూట హోటలు ఖర్చు. పునీత పౌలు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయంలో మందలించింది ఇటువంటి దానినే. ప్రభు భోజనానికి కూడినప్పుడు ఉన్నవారు ముందుగా తిని తృప్తిపడేవారు, లేనివారు ఆకలితో మిగిలిపోయేవారు. అక్కడ ఎవరూ ఎవరి సొమ్మూ దోచుకోలేదు, ఎవరి తిండి వారు తిన్నారు. అయినా అది పేదవారిని సిగ్గుపరచడమేనని పౌలు గట్టిగా చెప్పాడు.

"ఉన్నవాడు లేనివాడి ఖర్చు కూడా పెట్టుకుంటే సరిపోదా?" అనవచ్చు. ఒకసారికి సరిపోతుంది. ప్రతిసారీ అయితే స్నేహితుడు కాస్తా ఒకరి మీద ఆధారపడినవాడవుతాడు. అంతకంటె మంచి మార్గం పథకాన్నే తగ్గించుకోవడం. కారుకు బదులు రైలు, నాలుగు చోట్లకు బదులు రెండు, హోటలుకు బదులు పులిహోర పొట్లాలు. జేబు తేలికగా ఉన్నవాడి కొలతతో పథకం వేసుకుంటే ఇచ్చినవాడూ ఉండడు, పుచ్చుకున్నవాడూ ఉండడు.

రెండవవాడు మన బిడ్డే. ఆదివారం తెల్లవారుజామున ప్రయాణమంటే పూజ పోతుందని అతడికి తెలుసు. కొత్తవాళ్ల ముందు చెప్పడానికి బిడియం. ఒక్క వారానికి ఏమవుతుందిలే అని సర్దుకుంటాడు. రెండవ జాన్‌పాల్ జగద్గురువులు 1998లో ప్రభువు దినాన్ని గురించి వ్రాసిన లేఖలో ఈ సంగతి ప్రస్తావించారు. వారాంతపు విశ్రాంతిలోని మేలును ఒప్పుకుంటూనే, ప్రభువు దినాన్ని దానిలో కలిపివేయవద్దని హెచ్చరించారు. శ్రీసభ నియమం మోయలేనంత బరువు కూడా కాదు. శనివారం సాయంత్రం గాని, ఆదివారం గాని, ఏ ఊళ్లోనైనా కథోలిక దివ్యబలిపూజలో పాల్గొనవచ్చు. ఏ గుడిలో ఏ వేళకు పూజ ఉందో ముందుగా విచారించుకుంటే చాలు.

ఒక్కడి పూజ కోసం అయిదుగురు గంటసేపు కాచుకోవడం న్యాయమా? శనివారం ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. ద్వారకా తిరుమలలో హిందూ స్నేహితులు చెప్పులు విడిచి దర్శనానికి వరుసలో నిలబడ్డారు. అందుకు వారేమీ సిగ్గుపడలేదు. వారు వచ్చేవరకు మనవాడు ఓపికగా ఆగాడు. అలా ఆగడం మర్యాద. ఇతర మతస్థులను గౌరవించమని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే మనకు నేర్పింది. అడిగితే వారూ మనకోసం ఆగుతారు. అడగకుండా ఉండిపోతే మనలో ముఖ్యమైన భాగాన్ని వారికి తెలియనివ్వలేదన్నమాట. అప్పుడు వారికి దొరికిన స్నేహితుడు ఎవరు?

2025 సెప్టెంబరు 7న 14వ లియో జగద్గురువులు పునీతుడుగా ప్రకటించిన పియేర్ జార్జియో ఫ్రస్సాతి జీవితం ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఇటలీలోని తూరిన్ నగరంలో సంపన్నుల బిడ్డ. కొండలెక్కడమంటే ప్రాణం. 1924లో స్నేహితులతో కలిసి సరదా పేరుతో ఒక బృందాన్నే ఏర్పాటు చేశాడు. నవ్వించేవాడు, అల్లరి చేసేవాడు. అయినా కొండ ఎక్కాలన్న తొందరలో పూజను వదులుకునేవాడు కాదు. ఊళ్లో ఉన్నప్పుడు పేదల ఇళ్లకు వెళ్లేవాడు. 1925లో, 24 ఏళ్ల వయస్సులో మరణించినప్పుడు అంత్యక్రియలకు నగరపు పేదలు వేలాదిగా తరలివచ్చారు. వారందరితో అతడికి ఎంత చనువుందో ఇంట్లోవారికి అప్పుడు గాని తెలియలేదు. విహారం, పూజ, పేదవాడు ఈ ముగ్గురికీ ఆ చిన్న జీవితంలో చోటు సరిపోయింది.

మూడవవాడు మనం చూడబోయిన ఊరివాడు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు తెచ్చిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. చేపల చెరువులు సరస్సును ఆక్రమించగా 2006లో ప్రభుత్వం వాటి గట్లను తెగగొట్టించింది. పక్షికి నీరు కావాలి, చెరువుల మీద బ్రతికిన కూలివాడికి అన్నం కావాలి. ఆ రెంటి నడుమ లంక గ్రామాలవారు ఎంతో నలిగారు. చుట్టూ నీరే ఉన్నా తాగే నీటికి ఇబ్బందిపడిన ఊళ్లు అవి. గంటసేపు పడవలో తిరిగి, పెలికాన్ పక్షుల ఫోటోలు తీసుకుని, ఖాళీ ప్లాస్టిక్ సీసా గట్టు మీద పారవేసి వచ్చినవాడు కొల్లేరు చూశానంటే ఎట్లా నమ్మడం? "మీ పేరేమిటండీ, మీది ఏ ఊరండీ?" అని పడవ నడిపే మనిషిని అడిగి, ఆయన చెప్పేది వినడానికి పావుగంట చాలు. ఆ పావుగంట పథకంలో ఉండదు.

ఈ ముగ్గురూ మనలను కోరేది ఒక్కటే, కొంచెం ఆగమని. హడావుడిగా సాగే విహారంలో దొరకనిది అదే. తొందర పైకి తప్పుగా కనిపించదు గాని, దాని చాటున ఒకరిని వదిలివేయడం చాలా సులభం.

యోహాను సువార్త మొదటి అధ్యాయంలో ఇద్దరు మనుషులు యేసు వెంట నడుస్తూ, ఆయన ఎక్కడ ఉంటున్నారని అడుగుతారు. వచ్చి చూడమని ఆయన పిలుస్తారు. వారు వెళ్లి ఏమి చూశారో సువార్తికుడు ఒక్క మాట కూడా వ్రాయలేదు. ఆ ఇల్లు ఎంతటిదో, ఏమి తిన్నారో మనకు తెలియదు. వారు ఆ రోజంతా ఆయనతోనే ఉండిపోయారని మాత్రం చెప్పి, అది ఏ వేళో కూడా గుర్తుపెట్టుకుని వ్రాశాడు. వారిలో ఒకడైన అంద్రెయ ఆ తరువాత చేసిన పని తన సోదరుడు సీమోనును వెదికి తీసుకురావడం. ఒకరితో నిజంగా కలిసి ఉన్నవాడికి, అక్కడ లేని ఇంకొకరు గుర్తుకు వస్తారు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆదివారం రాత్రి పిల్లలు ఫోను చేసినప్పుడు ఏం చూశావు, ఏం తిన్నావు, ఎంత ఖర్చయింది అని అడుగుతాం. పూజకు వెళ్లావా అని కూడా అడుగుతాం, అడగాలి. దానితోపాటు, జట్టులో ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని కూడా అడగండి. ఇక ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు విచారణల కుటుంబాలకు మరొక మాట. ఆదివారం పూజలో వెనుక వరుసలో తెలుగు రాక తికమకపడుతున్న కొత్త ముఖం కనిపిస్తే, పూజ కాగానే ఇంటికి త్వరపడకండి. పేరు అడగండి. వీలైతే ఆ పూట భోజనానికి పిలవండి. ఆ బిడ్డతో వచ్చి, పూజ ముగిసేవరకు బయట కాచుకున్న స్నేహితులు ఎవరైనా ఉంటే వారినీ పిలవండి.