మాల తీసిన మరునాడు

కార్తికము వచ్చినదనగా మన వికారాబాదు, తాండూరు ప్రాంతములయందు నల్లని వస్త్రములు ధరించి, తెల్లవారకమునుపే చన్నీటి స్నానమొనర్చి, శరణుఘోషతో వీధులు మేల్కొలుపు స్వాములు కానవత్తురు. పూడూరు మండలపు పల్లెలకును ఈ దృశ్యము క్రొత్తది గాదు. వారిలో నిన్నటివరకు కల్లు దుకాణము విడువలేనివాడును, కూలి డబ్బులు ఇల్లు చేరకమునుపే బెల్టు షాపులో పోసివచ్చినవాడును ఉండును. నలువదియొక్క దినములు అతడు చుక్క ముట్టడు. ఇల్లాలు కంటినిండ నిద్రించును. పిదప శబరిమల నుండి తిరిగివచ్చి, మాల తీసిన మరునాడే అతడు పాత త్రోవ పట్టెనేని, వానికి భక్తి లేదని ఊరంతయు తీర్పు చెప్పును. ఈ తీర్పును నేనంగీకరింపజాలను.

ఆ మండలకాలము అతనిని నిలిపినదేమి? నియమము నిలిపినది; స్వామి కరుణ నిలిపినది. అయితే ఆ కరుణ సాంగత్యరూపమున వచ్చినదని మనము గమనింపము. తనవలెనే దీక్ష పట్టిన పదిమంది నడుమ శయనము, పదిమందితో భిక్ష, సాయంకాలము భజన. 'స్వామీ' అను పిలుపే తప్ప, కులమును గాని పూర్వచరిత్రను గాని అడుగువారు లేరు. మాలతోపాటు ఆ సాంగత్యమును గూడ తీసివేసి, ఒంటరిగా ఇంటికి పంపి, ఆపైన వానిని నిందించుట ఏ ధర్మము?

ఒట్టు వేయించుటయందు మనకు గల ఉత్సాహము తోడు నిలుచుటయందు లేదు. దామగుండము రామలింగేశ్వరుని సన్నిధికో, అనంతగిరి పద్మనాభుని సన్నిధికో కొనిపోయి, బిడ్డ తలపై చేయి పెట్టించి ప్రమాణము చేయింతుము. అది తప్పిననాడు వ్యసనమునకు దైవద్రోహమొనర్చితినను భయము తోడగును. ఆ భయమును మరచుటకై అతడు మరల త్రాగును. ఆ అనంతగిరిమీదనే క్షయరోగుల ఆసుపత్రి వెలసినది గదా. ఇకమీదట దగ్గనని ఒట్టు వేయుమని అచ్చటి రోగినెవరైన నిర్బంధించిరా? త్రాగుడును వ్యాధియేనని వైద్యులు చెప్పుచుండగా, దీనికి మాత్రము ప్రమాణమే ఔషధమని మనము పట్టుబట్టుదుము.

శుక్రాచార్యుని కథ మీరెరుగుదురు. కచుని భస్మము కలిసిన సురను త్రావి, శిష్యుని తన కడుపులోనే గాంచిన పిమ్మటగదా ఆయన మద్యమును నిషేధించెను. ఆ నిషేధము పలికినవాడు త్రాగి, దాని ఫలమనుభవించినవాడు. అట్టివాని మాటకు గల బలము ఎన్నడును త్రాగని మనవంటివారి హితబోధకెక్కడిది?

ఈ సత్యమే 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరమున మరియొక రూపమున బయల్పడినది. త్రాగుడు మాని కొలదినెలలైన బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారి, పని చెడి, హోటలులో ఒంటరిగానుండి, ఒకవైపు మద్యశాల పిలుచుచుండగా, మరియొక త్రాగుబోతుతో మాటాడినగాని తాను నిలువజాలనని గ్రహించి, చర్చివారికి టెలిఫోను చేసి వెదకగా, బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు లభించెను. ఆ వైద్యుడు కడపటిసారి త్రాగిన జూన్ 10వ తేదీయే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినదినముగా పరిగణింపబడుచున్నది. ఆ సంఘము మీటింగులు నేడు హైదరాబాదులోను జరుగుచున్నవి. ప్రవేశరుసుము లేదు, త్రాగుడు మానవలెనను కోరిక యొక్కటే అర్హత. ఇంటిపేరు అడుగరు, అచ్చట విన్నది బయట చెప్పరు. తనకు తోచిన దైవమునే శరణు వేడవచ్చును గనుక, సభ చర్చి గదిలో జరిగినను మన ఇష్టదైవమునకు లోటు లేదు. జీవితాంతము మానుదునని ప్రతిన పట్టనక్కరలేదు. ఈ ఒక్కదినము ముట్టకున్న చాలును. ఇది విరమణ లేని దీక్ష.

ఒక హెచ్చరిక. ఏండ్ల తరబడి మిక్కుటముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినచో మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము సంభవింపవచ్చును. అల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడినవారి స్థితియు నట్టిదే. 2020లో లాక్‌డౌన్ వేళ కల్లు దొరకక ఎర్రగడ్డ ఆసుపత్రికి తరలివచ్చిన జనమును మనము మరువరాదు. కావున మాల వేయుటకు ముందే వైద్యుని చూడుడు. ప్రభుత్వమువారి 14416, 14446 నంబర్లకు ఉచితముగా ఫోను చేసి చికిత్స విషయము అడుగవచ్చును.

ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకై పూడూరు నుండి పట్టణమునకు వారము వారము పోవుటకు కూలివానికి బస్సు ఛార్జీయు, ఒకనాటి పనియు నష్టమగునని నేనెరుగుదును. అయితే మానదలచిన ఇరువురు మువ్వురు కూడినచో అదియే ఒక బృందమని ఆ సంఘమువారి సంప్రదాయము. గురుస్వాములారా, మాల తీయించునాడు మీ శిష్యులలో అట్టివారినొకరికొకరిని చూపి కలుపుడు. ఆలయ కమిటీ పెద్దలారా, వారమునకొక సాయంకాలము మండపము నొక మూల వారికి విడువుడు. వారినెవరును తొంగి చూడకుండ కాపాడుడు. ఒట్టు వేయించుట ఇకనైన మానుడు.