హాస్యచిత్రాల కుటుంబ వీక్షణయోగ్యత : ఒక ఔచిత్య విచారణ

'సకుటుంబ సపరివార సమేతంగా చూడదగిన చిత్రం' అన్నది తెలుగు సినిమా ప్రకటనల్లో దశాబ్దాలుగా స్థిరపడిన పదబంధం. శుభలేఖల పరిభాషను తలపించే ఈ మాట వెనుక ఒక నైతిక నిర్ణయం ఉన్నదన్న సంగతి సాధారణంగా చర్చకు రాదు. మోటు హాస్యం నిండిన చిత్రం విడుదలైనప్పుడు మాత్రం అది వివాదమవుతుంది. ద్వంద్వార్థ సంభాషణలు ఎన్ని, బూతుమాటలు ఎన్ని అన్న లెక్కతో మొదలైన ఆ వివాదం తరచుగా అక్కడే ముగుస్తుంది. లెక్కించవలసినది పదాన్నా, లేక ఆ పదం పుట్టించే నవ్వు కలిసి కూర్చున్నవారి మధ్య చేసే పనినా అన్నది విచారణీయం.

ఈ విషయంలో భరతుని దృష్టి గమనార్హం. నాట్యశాస్త్రంలోని సామాన్యాభినయ ప్రకరణం శయన, చుంబన, ఆలింగనాదులను రంగంపై చూపరాదని చెప్పి, అందుకు కారణాన్ని కూడా పేర్కొంటుంది: నాటకాన్ని తండ్రీకొడుకులు, అత్తాకోడళ్లు కలిసి చూస్తారు గనుక. ఆ చర్యలు పాపమన్న వాదం అక్కడ లేదు. ఒంటరిగా చూసినప్పుడు లేని దోషం పక్కన అత్తగారు ఉన్నప్పుడు పుడుతున్నది. మమ్మటుడు అశ్లీలాన్ని వ్రీడ, జుగుప్స, అమంగళం అని మూడు విధాలుగా విభజించాడు. వీటిలో వ్రీడ, అనగా సిగ్గు, పరుల సమక్షాన్ని కోరుతుంది. వక్త, ప్రకరణం మొదలైనవాటి ఔచిత్యాన్ని బట్టి దోషమే గుణం కావచ్చునని కూడా అదే మమ్మటుడు అంగీకరించాడు. కనుక పదాల పట్టిక తయారుచేసి అశ్లీలాన్ని నిర్ణయించడం ఆలంకారికుల పద్ధతి కాదు.

ఆధునిక చట్టంలోనూ ఈ దృష్టి ఛాయ కనిపిస్తుంది. 1952 చలనచిత్ర చట్టం కింద 1991లో జారీ అయిన మార్గదర్శకాల ప్రకారం, అందరికీ ప్రదర్శించదగిన చిత్రం కుటుంబ వీక్షణకు తగినదై ఉండాలి. అంటే పిల్లలతో సహా కుటుంబ సభ్యులందరూ కలిసి చూడగలిగినదై ఉండాలి. 'కలిసి' అన్న మాటే ఆ నిర్వచనానికి ప్రాణం. 2023 నాటి సవరణ యు/ఏ వర్గాన్ని 7, 13, 16 ఏళ్ల వయస్సుల ఆధారంగా విభజించింది. తల్లిదండ్రులకు ఇది ఉపయోగకరమే. అయితే వయస్సు వ్యక్తికి చెందిన కొలత; కలిసి చూడడం సంబంధానికి చెందినది. పదిహేడేళ్ల అమ్మాయి స్నేహితురాళ్లతో చూసి నవ్వి మరచిపోగల సంభాషణే తాతగారి పక్కన కూర్చున్నప్పుడు ఆమె చేత తల దించుకునేలా చేస్తుంది. ఏ వయోవర్గానికీ ఈ ఇబ్బంది అందదు.

వ్రీడనే ఏకైక ప్రమాణంగా తీసుకున్నా చిక్కు తప్పదు. తోలుబొమ్మలాటలో రామాయణ కథ నడుమ ప్రవేశించే కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్కల మాటల మోటుతనం ముందు నేటి చిత్రాలు చాలావరకు వెలవెలపోతాయి. ఊరు ఊరంతా, పిల్లా పెద్దా కలిసి, తెల్లవార్లూ వాటిని విని నవ్వింది. సకుటుంబ వీక్షణకు ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు. అక్కడ సిగ్గు అడ్డురాకపోవడానికి చీకటి ఒక కారణం కావచ్చు. వెలుగంతా తెర వెనుక ఉండగా, చూసేవారి ముఖాలు ఒకరివొకరికి స్పష్టంగా కనిపించవు. నట్టింటి టీవీ ముందు ఆ సౌకర్యం లేదు. సీత నోట రాని మాట బంగారక్క నోట వస్తుందని అందరికీ ముందే తెలిసి ఉండడం మరొక కారణం. పైగా కేతిగాడు తన వికృతరూపంతో ముందు తానే నవ్వులపాలవుతాడు. ఈ సంప్రదాయాన్ని ఆదర్శీకరించనక్కరలేదు. బంగారక్కపై విసిరే మాటల్లో స్త్రీ పట్ల చులకన స్పష్టంగానే ఉంది. అయినా మోటుతనానికీ కుటుంబ వీక్షణకూ సహజవైరం ఉందన్న అభిప్రాయం ఈ ఉదాహరణ ముందు నిలవదు.

వ్రీడ కంటే బరువైన ప్రశ్న మరొకటి ఉంది. భరతుడు హాస్యరస విభావాల్లో వికృతవేషం, అసత్ప్రలాపాలతో పాటు వ్యంగదర్శనాన్ని, అనగా అంగవైకల్యం కనబడడాన్ని, కూడా చేర్చాడు. సభలోని అత్తాకోడళ్ల సిగ్గును అంత శ్రద్ధగా కాపాడిన శాస్త్రానికి అదే సభలో ఉండగల వికలాంగుని మనస్సు స్ఫురించలేదు. తెలుగు హాస్యచిత్రాలు ఈ వారసత్వాన్ని ధారాళంగానే వాడుకున్నాయి. నత్తి, చెవుడు, నల్లని మేని ఛాయ, స్థూలకాయం, హిజ్రాల నడక మొదలైనవాటితో నవ్వించే ఘట్టాల్లో ఒక్క బూతుమాటైనా ఉండనక్కరలేదు. పదాల లెక్కలో అవి పరిశుద్ధం. కాని నత్తి ఉన్న కుర్రవాడు ఇంటిల్లిపాదితో కూర్చుని ఆ ఘట్టం చూస్తున్నప్పుడు తానూ నవ్వక తప్పదు; నవ్వకపోతే ఆ హేళన తనకు తగిలిందని ఒప్పుకున్నట్లవుతుంది. ద్వంద్వార్థం కలిగించిన ఇబ్బంది చానల్ మార్చగానే పోతుంది. ఈ అనుకరణ మాత్రం చిత్రం ముగిశాక అన్న నోట, మేనమామ నోట ఇంట్లోనే కొనసాగుతుంది. ఇంటి పెద్దల సిగ్గుకు దొరికే మన్నన ఆ కుర్రవాడి అవమానానికి దొరకకపోవడం కేవలం అభిరుచికి సంబంధించిన విషయంగా తోసివేయదగినది కాదు.

ఈ భేదాన్ని తెలుగు సాహిత్యం ఎరగనిది కాదు. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1909లో పునర్లిఖిత రూపం పొందిన 'కన్యాశుల్కం'లో అగ్నిహోత్రావధానులు నోటి దురుసు నేటి ధృవీకరణ మండలిని సైతం తడుముకునేలా చేస్తుంది. అందులోని నవ్వు లుబ్ధావధాన్లు లోభం మీద, గిరీశం డాబు మీద పడుతుంది. బుచ్చమ్మ అమాయకత్వం నవ్వు తెప్పించవచ్చు గాని, ఆమె వైధవ్యాన్ని గురజాడ నవ్వులాటగా మలచలేదు. జంధ్యాల 'అహ నా పెళ్లంట' (1987)లో కోడిని పైనుంచి వేలాడదీసి, దానిని చూస్తూ ఉత్త అన్నం తినే పాత్ర కూడా ఈ కోవలోనిదే. లోభం మానదలచుకుంటే మానగలిగినది. నత్తి అటువంటిది కాదు.

హేళనను ఇలా పట్టి చూస్తే హాస్యమే మిగలదన్న ఆక్షేపణ ఉంది. 'ఆంఖ్ మిచోలీ' అనే హిందీ చిత్రంలోని వికలాంగుల చిత్రణపై వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 జూలైలో ఇచ్చిన తీర్పు ఇందుకు కొంత సమాధానం. వైకల్యాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడే హాస్యాన్నీ, వికలాంగులను కించపరచే హాస్యాన్నీ న్యాయస్థానం వేరుచేసింది, మొదటిదానిని నిషేధించలేదు. ఓటీటీ వేదికలకు వర్తించే 2021 నియమావళి సైతం చిత్రాల వర్గీకరణలో భాష, హింస, నగ్నత్వాలతో పాటు కులం, లింగం, వైకల్యం వంటి అంశాలలో వివక్షను పరిగణించాలని చెప్పింది. నత్తిని అనుకరించి నవ్వించే ఘట్టం ఆ శీర్షిక కిందికి ఎప్పుడు వస్తుంది, ఆ పాత్రే తన నత్తి మీద తాను హాస్యమాడితే ఎప్పుడు రాదు అన్నది నియమావళి తేల్చగల విషయం కాదు. అది పాత్ర, సందర్భం, ప్రేక్షకసభ మూడింటినీ కలిపి చూడగల ఔచిత్య విమర్శ చేయవలసిన పని. తెలుగు హాస్యచిత్రాల విషయంలో ఆ పని ఘట్టం ఘట్టంగా జరగవలసి ఉన్నది.