గడి నిండితే చాలదు తల్లీ

వెళ్దువుగానీ ఆగు తల్లీ, ఈ అరుగు మీద కాసేపు కూర్చో. కాన్పుల గదిలో కొత్త పద్ధతులు పెట్టారట, అవి ఎంతవరకు జరుగుతున్నాయో లెక్క రాయడానికి నిన్ను పంపుతున్నారట. సంతోషం. నీది మంచి మనసే, కానీ తొందరెక్కువ. కాగితం మీద టిక్కులు లెక్కపెట్టుకుని సాయంత్రం బస్సుకి వచ్చేస్తావేమోనని నా భయం.

టిక్కుల సంగతి నాకు తెలుసమ్మా, పెట్టినదాన్ని నేనే. ఒకప్పుడు మా దగ్గర బీపీ మిషను పాడై మూలన పడుంటే, రిజిస్టర్లో మాత్రం గర్భిణులందరికీ 120/80 రాసేదాన్ని. తనిఖీకొచ్చిన డాక్టరమ్మ పేజీలు తిప్పి, "మీ ఊళ్లో అందరి రక్తమూ ఒకే లెక్కన పారుతుందా?" అంది. తలెత్తలేకపోయాను. నొప్పులు ఎలా సాగుతున్నాయో అప్పటికప్పుడు గీయాల్సిన పటం పార్టోగ్రాఫ్; కాన్పు అయిపోయాక తీరిగ్గా కూర్చుని దాంట్లో గీతలు గీసినవాళ్లనీ చూశాను. గడి నిండింది, పని జరగలేదు.

అన్నం ఉడికిందా అని గిన్నె మూతని అడగం కదా, మెతుకు పట్టి చూస్తాం. నువ్వూ అంతే. వంద కాన్పులూ చూడక్కర్లేదు, నాలుగైనా పక్కన నిలబడి చూడు. చేతులు సబ్బుతో కడిగారా? బిడ్డని తుడిచి తల్లి ఒంటికి ఆనించారా? గంటలోపు పాలు పట్టించారా?

ఒకసారి చూసి ఊరుకోకు, మళ్లీ వెళ్లు. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాలు తీసుకుని, సగంచోట్ల కాన్పుల చెక్‌లిస్టు పెట్టి, 8 నెలలు వెంట ఉండి నేర్పించారు. 2017లో ఫలితాలు వచ్చాయి. మొదలుపెట్టిన రెండు నెలలకి చేయాల్సిన పనుల్లో నూటికి 73 జరిగాయి. నేర్పేవాళ్లు వెళ్లిపోయాక, మొదలుపెట్టిన ఏడాదికి, 62కి జారాయి. అప్పటికి చెక్‌లిస్టు లేనిచోట 44. అలవాటు కొంత నిలిచిందన్నమాటే. కానీ తల్లీబిడ్డల చావుల్లో రెండుచోట్లా తేడా కనబడలేదు. పని జరిగిందా అన్నది ఒక లెక్క, ప్రాణం నిలిచిందా అన్నది ఇంకో లెక్క. రెండూ విడివిడిగా రాయి, ఒకదాన్ని చూపించి రెండోది వచ్చేసిందనుకోకు.

పని జరగలేదని నర్సు మీద కేకలెయ్యకు. కుళాయిలో నీళ్లొస్తున్నాయా, రాత్రి డ్యూటీలో ఒక్కతే ముగ్గురిని చూస్తోందా, అది కనుక్కో. కేకలేస్తే రేపట్నుంచి టిక్కులు ఇంకా అందంగా పెడుతుంది, అంతే. ఆ డాక్టరమ్మ నన్ను తిట్టి పోలేదు. పై వారం కొత్త మిషను పంపింది. అది వచ్చిన రోజు మొదటి ముగ్గురికీ మూడు రకాల అంకెలు వచ్చాయి.

సరే, బస్సు టైమైంది, వెళ్లిరా. మెతుకు పట్టి చూడటం మాత్రం మరిచిపోకు.