పితరులెట్లు మరణించిరి?

మన గృహములలో పితరుల మరణమును గూర్చి నిలిచియున్న జ్ఞానము మిక్కిలి విచిత్రమైనది. తాతగారు గతించిన మాసము తెలియును, పక్షము తెలియును, తిథి తెలియును. సంవత్సర మడిగినచో పెద్దలు తడుముకొందురు. ఏ వ్యాధిచే పోయిరని యడిగినచో “ఏదో జ్వరము” అనియో, “కాలము తీరినది” అనియో ప్రత్యుత్తరము వచ్చును. ముత్తవ సంగతి యడిగినచో ఆ మాత్రమును రాదు. తిథి పాటింపని యిండ్లలోనైతే పెద్దల అమావాస్యనాడు అందఱికిని గలిపి బట్టలు పెట్టి మ్రొక్కుదురు. ఆబ్దికమునకు తిథి చాలును గనుక తిథి నిలిచినది. తక్కిన దంతయు పోయినది. ఏది యవసరమని తలంచితిమో అదియే గుర్తుంచుకొంటిమి. అయితే పితరులు మరణించిన తీరు తెలిసికొనుట సంతతివారికి విధియా, లేక వృథాకుతూహలమా? ఈ ప్రశ్న విచారింపదగినది.

ఇందులకు కర్నూలు మండలములోని పత్తికొండ యొక మంచి నిదర్శనము. 1827వ సంవత్సరము జూలై 6వ తేదీన చెన్నపురి గవర్నరు సర్ తామస్ మన్రో యీ యూర విషూచి తగిలి మరణించెను. అతడు 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండెను, 1820లో గవర్నరయ్యెను, స్వదేశమునకు మరలిపోవుటకు ముందు తానెఱిగిన సీమను కడసారి చూచిపోవలెనని వచ్చియుండెను. ఉదయమున సోకిన వ్యాధి రాత్రికి ప్రాణము గొన్నది. దేహమును గుత్తిలో పాతిపెట్టిరి. 1831లో అస్థులను చెన్నపురి కోటలోని సెంటు మేరీ దేవళమునకు తరలించిరి. పత్తికొండలో నతని జ్ఞాపకార్థము తోపు వేయించి బావి కట్టించిరి. సీమలోని కొందఱు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి.

అయితే విషూచి గవర్నరు నొక్కనినే వెదకికొనుచు వచ్చినది కాదు. అతనికి సోకుటకు ముందే యది దండులో ప్రవేశించి కొందఱిని గొనిపోయియుండెను. దండు వెంట నడచు సిపాయిలకును, బోయీలకును, వారికి నీరు తెచ్చియిచ్చిన ఊరివారికిని ఆ వ్యాధి వేఱుగా నుండలేదు. అందొకని మరణము తేదీతో, కారణముతో, సమాధితో నిలిచినది. తక్కినవారి పేరిట తోపు లేదు, బావి లేదు. వారి సంతతివారు నేడును ఈ ప్రాంతములలో నుండవచ్చును. తమ పూర్వుడొకడు గవర్నరుతో పాటు ఒకే వ్యాధిచే, ఒకే వారములో పోయెనని వారికి తెలియదు.

మన పూర్వులు మరణప్రకారమును ఎన్నడును వ్రాసియుంచలేదనుట సత్యము కాదు. రాయలసీమ పొలములలోను, ఊరి వాకిళ్లలోను వీరగల్లులు విస్తారముగా నున్నవి. పసులమందను మరల్చుటకై పోరాడి పడినవానికిని, ఊరిని కాచుచు పడినవానికిని రాయి నిలిపిరి. చేత నాయుధముతో వాని రూపము చెక్కిరి. కొన్నింటిపై నక్షరములును వ్రాసిరి. సహగమనము చేసిన స్త్రీని పేరంటాలని కొలిచిరి. కీర్తి తెచ్చు మరణమునకు రాయి దొరికినది. ప్రసూతిలో పోయిన యిల్లాలికి, పురిటిలోనే కన్నుమూసిన శిశువునకు, బావి త్రవ్వుచు గట్టు విఱిగిపడి చచ్చిన కూలివానికి రాయి దొరకలేదు. ఏ మరణమును వ్రాసిరో, దేనిని వ్రాయక విడిచిరో చూచినచో, ఆ సంఘము ఎవరి ప్రాణమునకు విలువ కట్టినదో తెలిసిపోవును.

ఈ లోపమును సర్కారు చిట్టాలు కొంత తీర్చినవి. 1899వ సంవత్సరపు చెన్నపురి జనన మరణ రిజిస్ట్రేషను చట్టము ననుసరించి గ్రామోద్యోగులు మరణములను పుస్తకమున కెక్కించుచు వచ్చిరి. అందు కులీనునకును కూలికిని గడియొక్కటే. కాని వైద్యుని ముఖమెఱుగని యూర గ్రామోద్యోగి కారణమేమని వ్రాయగలడు? ఒడలు వెచ్చనై పోయిన ప్రతివానికిని “జ్వరము” అని వ్రాసెను. చలిజ్వరము, క్షయ, సన్నిపాతము, సూతికాజ్వరము, ఇవన్నియు ఆ యొక్క మాటలో మఱుగుపడినవి. మశూచి వచ్చినచో దానిని ఇండ్లలో వ్యాధి యనుటకే వెఱచి “అమ్మవారు పోసినది” అనిరి.

1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాత కరువును చూడుడు. ఆ కరువున మిక్కిలి నష్టపోయిన మండలములలో కర్నూలొకటి. 1871 జనాభా లెక్కలో 9 లక్షలు దాటియున్న మండలము 1881 నాటికి 7 లక్షలకు లోపైనది. ఆకలిచే కృశించిన దేహమును కడపట కూల్చునది విరేచనములో, జ్వరమో, విషూచియో అగును. చిట్టాలోని కెక్కునది ఆ కడపటి వ్యాధి పేరే గాని ఆకలి పేరు కాదు. ఒక్కొక్క పంక్తిని విడిగా చదివినచో అది అబద్ధము; పంక్తులన్నియు గలిపి చదివినచో నిజము బయటపడును. 1877లో సర్ రిచర్డు టెంపులు కరువుపనులలోని కూలిని దినమునకు ఒక పౌను ధాన్యమునకును ఒక అణాకును తగ్గింపగా, చెన్నపురి శానిటరీ కమీషనరు కార్నిషు ఆ తిండి పనిచేయు మనిషికి చాలదని పట్టుబట్టి వాదించెను. కొన్ని నెలలకు కూలి పెంచిరి. చచ్చినవారి లెక్కలు చూచువాడు బ్రతికియున్నవారి తిండికై పోరాడెనన్నమాట.

ఇంటి వ్రాతలనుగూడ ఇట్లే చదువవచ్చును. వంశవృక్షములో ధాత, ఈశ్వర సంవత్సరములయందు వృద్ధులును పసివారును వరుసగా పోయినట్లున్నచో కారణము వ్రాయకున్నను తెలియును. 1918 తుదినెలలలో నడివయసువారు ఒకే యింట ఇద్దఱు పోయినచో, దేశమంతట వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా ఆ గడప త్రొక్కియుండునని యూహింపవచ్చును. ఒక పురుషునకు ఒకరి తరువాత నొకరుగా ముగ్గురు భార్యలుండి, ప్రతి భార్య మరణమునకు చేరువనే యొక బిడ్డ పుట్టినట్లున్నచో, ఆ యింటి స్త్రీలు ఎట్లు పోయిరో వేఱుగ చెప్పనక్కఱలేదు. అతనిని మన పెద్దలు “భార్యాయోగము లేనివాడు” అనిరి. యోగము కాదు; మంత్రసాని చేతుల మలినము. 1847లోనే వియన్నా నగరమున సెమ్మెల్‌వైసు అను వైద్యుడు, చేతులు శుద్ధిచేసికొన్నంతనే ప్రసూతిమరణములు తగ్గునని నిరూపించియుండెను.

దీనికి రెండాక్షేపణలు చెప్పుదురు. మొదటిది: చావు లలాటలిఖితము, కారణము వెదకుట ఈశ్వరేచ్ఛను శంకించుటయే యని. మన ధర్మశాస్త్రకారులే ఈ మాట నంగీకరింపలేదు. మహాలయపక్షమున శస్త్రముచే హతులైనవారికి చతుర్దశిని వేఱుగ నియమించిరి. భర్త యుండగా పోయిన స్త్రీలకు అవిధవానవమిని నియమించిరి. మరణించిన తీరుతో శ్రాద్ధమునకు సంబంధము లేదనుకొన్నచో ఈ భేదము లేల? తీరు తెలిసికొనుట పితృకార్యములో భాగమని వారెఱుగుదురు. ఆ గడులకు మఱికొన్ని చేర్చుటయే మనము చేయవలసినది.

రెండవది గట్టి యాక్షేపణ: కొన్ని మరణములను చెప్పుకొన్నచో ఇంటి పరువు పోవునని. క్షయ యున్నదన్నచో పిల్లనిచ్చువారు లేరు. కుష్ఠమన్నచో పంక్తి లేదు. కోడలు బావిలో పడినదన్నచో “కాలుజాఱి పడినది” అని సరిపెట్టుదురు. చట్టముగూడ ఈ సంకోచమును గౌరవించినది. 1969వ సంవత్సరపు కేంద్రచట్టము 17వ విభాగము ప్రకారము, రిజిస్టరునుండి ఇచ్చు మరణపత్రములో కారణమును వెల్లడింపరాదు. పొరుగువాని కుతూహలమునుండి మృతుని కాపాడుట న్యాయమే. కాని పొరుగువానికి చెప్పకుండుట వేఱు, తన బిడ్డలకు దాచుట వేఱు. బావిలో పడిన కోడలి సంగతి దాచి ఆమె పరువు కాపాడితిమా, ఆమెను బావి యొద్దకు నడపినవారి పరువు కాపాడితిమా? ఇచటి మౌనము దయవలె కనబడు అన్యాయము. కడపటి చికిత్స చేసిన వైద్యుడు కారణపత్రము నకలును సమీపబంధువున కియ్యవలెనని 2023లో చేసిన సవరణ ఈ భేదమునే గుర్తించినది.

మరణమునకు పేరు పెట్టుట ఎంత బరువైన పనియో నేటి రాయలసీమ రైతు కుటుంబములకు తెలియును. అప్పుల పాలై పురుగుమందు త్రాగిన రైతు కుటుంబమునకు సహాయ మొసగుటకై 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 421వ నంబరు ఉత్తరువు వెలువరించినది. ఆ మరణము సేద్యపు టప్పులవలన గలిగినదా, వేఱు కారణమువలననా యని డివిజను అధికారుల సంఘము విచారించి తేల్చవలెను. కౌలు కాగితము లేక, ప్రైవేటు అప్పునకు పత్రము లేక పోయినచో కారణము మాఱిపోవును. “కడుపునొప్పి” అనియో, “కుటుంబకలహము” అనియో ఒక మాట పడినచో విధవకు ధనము రాదు. అంతకన్న ముఖ్యముగా, ఆ యేటి వానలేమికిని, అప్పునకును, ధరలకును ఆ చావులో పాలు లేనట్లగును. ఆనాడు ఆకలి పేరు విరేచనములలో మఱుగుపడినట్లే, నేడు అప్పు పేరు కడుపునొప్పిలో మఱుగుపడుచున్నది.

ఇక ప్రయోజనమును చూతము. మన్రో మరణించిన నాడు విషూచి నీటివలన వచ్చునని అతనికి తెలియదు, అతని వైద్యులకును తెలియదు. 1854లో జాన్ స్నో లండనులో ఏ వీథిలో నెవరు చచ్చిరో, వారు ఏ పంపునీరు త్రాగిరో వరుసగా వ్రాసికొని చూచుటవలన ఆ సంగతి బయటపడినది. 1884లో కోఖు కలకత్తాలోని చెఱువునీటిలో ఆ సూక్ష్మజీవిని చూచెను. ఇంటింటి మరణమును వ్రాసి చూచిన శ్రమనుండి ఆ జ్ఞానము పుట్టినది. మశూచి 1975 తరువాత మన దేశమున లేకపోవుట గూడ, ప్రతి రోగిని వెదకి లెక్కవ్రాసినవారి పుణ్యమే. చావునకు కారణము తెలిసినపుడే దుఃఖము కర్తవ్యముగా మాఱును. తెలియనంత కాలము అది దుఃఖముగానే యుండును, లేదా మ్రొక్కుబడిగా మాఱును.

కావున పితృఋణము తిలోదకముతో తీరునది మాత్రమే కాదు. మనకొఱకు వారు పడిన బాధ యేదో తెలిసికొని, అది మన బిడ్డలకు రాకుండ చూచుటయు ఆ ఋణములోనిదే. ఇందులకు ధనము వలదు, పాండిత్యము వలదు. ఇంటనొక పుస్తకముంచి పెద్దలు బ్రతికియుండగానే వారి నడిగి వ్రాయుడు: పేరు, తిథితో పాటు సంవత్సరము, వయస్సు, మరణించిన తీరు. స్త్రీల పేర్లు వ్రాయుడు. పురిటిలో పోయి పేరైన పెట్టని శిశువునకును ఒక పంక్తి విడువుడు. నింద వ్రాయకుడు, నిజము వ్రాయుడు. ఊహించినది ఊహయనియే వ్రాయుడు. చివర నింకొక గడి యుంచుడు: ఈ చావును ఏది తప్పించియుండును? కొన్నిచోట్ల “శుభ్రమైన నీరు” అని వచ్చును. కొన్నిచోట్ల “సకాలమున వైద్యుడు” అని, కొన్నిచోట్ల “ఒక మంచి మాట” అని వచ్చును. ఆ గడి చదివిన మనుమడు తన యూర ఏ పని మిగిలియున్నదో యెఱుగును. ఆ పని చేయుట తిలోదకమునకు తక్కువైన తర్పణము కాదు.