కొండదారి మర్యాద

చిరంజీవి తల్లికి,

పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోను మీ పెద్దమ్మ, పెదనాన్న మార్చి మార్చి చూశారు. చైనా క్యాంప్ పార్కులో ఓక్ చెట్ల నీడ, అద్దెకు తెచ్చుకున్న మౌంటెన్ బైక్, దాని పక్కన మోకాలు చెక్కుకుపోయి కూడా నవ్వుతున్న పిల్ల. "రెండుసార్లు పడ్డాను, ఆదివారం మళ్ళీ వెళ్తాను" అని కింద రాశావు. పెద్దమ్మ కళ్ళు ఆ మోకాలి మీదే ఆగిపోయాయి. పెదనాన్నకు మాత్రం ఆరో తరగతి పిల్ల గుర్తొచ్చింది. సీటు అందక, ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి పెద్ద సైకిల్ తొక్కడం వచ్చిన రోజున ఆ పిల్ల ముఖంలో ఇదే నవ్వు. ఉద్యోగాలు, వీసాలు, అద్దెల లెక్కల మధ్య మనిషికి అలాంటి సంతోషం రెండోసారి దొరకడం అదృష్టం. దాన్ని పోగొట్టుకోకూడదనే ఈ ఉత్తరం.

పడ్డానని చిన్నబుచ్చుకోకు. ఈ ఆట పుట్టిందే పడడంతో. నువ్వు వెళ్ళిన పార్కు ఉన్న కాలిఫోర్నియా మారిన్ కౌంటీలోనే, ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొండ మీద ఒక మట్టి రోడ్డు ఉంది. అడవి అంటుకుంటే ఫైరింజన్లు వెళ్ళడానికి వేసిన దారి. 1976 అక్టోబర్ 21న కొందరు కుర్రాళ్ళు, తమలో ఎవరు వేగంగా దిగుతారో తేల్చుకుందామని అక్కడ పందెం పెట్టుకున్నారు. సుమారు 3.4 కిలోమీటర్ల దూరంలో 400 మీటర్ల దిగుడు. ఆ రోజు గెలిచినవాడు ఆలన్ బాండ్స్. ఎలా గెలిచాడంటే, మిగతావాళ్ళంతా పడ్డారు, అతనొక్కడే పడలేదు.

వాళ్ళు తొక్కినవి 1930లు, 40ల నాటి ష్విన్ కంపెనీ పాత సైకిళ్ళు. లావు టైర్లు, మొద్దు ఫ్రేము. బ్రేకు చేతికి ఉండదు, పెడల్ వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్బు లోపల పట్టుకుంటుంది. అంత దిగుడులో దాన్ని అలా పట్టి పట్టి వచ్చేసరికి హబ్బు కాలిపోయి, లోపలి గ్రీజు పొగై లేచేది. కిందికి చేరాక హబ్బు విప్పి, మసి తుడిచి, బేరింగుల మధ్య మళ్ళీ గ్రీజు కూరితే గాని ఆ బండి ఇంకోసారి కొండ ఎక్కడానికి పనికిరాదు. ఆ తిరిగి కూరడం మీదనే దారికి రీప్యాక్ అన్న పేరు నిలిచింది. అక్కడ పందేల్లో పాల్గొన్న గ్యారీ ఫిషర్ ఆ దారిని 4 నిమిషాల 22 సెకన్లలో దిగి రికార్డు పెట్టాడు. అతనైనా చేతులకు గ్రీజు అంటించుకున్నవాడే. అందుకే చెబుతున్నాను, బండి అద్దెదైనా సరే, బయలుదేరే ముందు బ్రేకులు నొక్కి చూడు, టైరు గాలి చూడు, చక్రం ఇరుసు బిగువు చూడు.

దిగేటప్పుడు సీటు మీద కూర్చోవద్దు. పెడళ్ళు సమంగా పెట్టి లేచి నిలబడు, మోకాళ్ళు, మోచేతులు వదులుగా ఉంచు, నడుము కాస్త వెనక్కి జరుపు. ముందు బ్రేకు ఒక్కసారిగా బిగించకు. దారిలో రాయి కనిపిస్తే దాన్నే చూస్తూ పోకు. చూపు ఎటు పోతే బండి అటే పోతుంది. రాయి పక్కన ఖాళీ ఎక్కడుందో అక్కడ చూడు.

ఎక్కలేని చోట దిగి నడవడానికి సిగ్గుపడకు. 1897లో అమెరికా సైన్యం 25వ పదాతి దళానికి చెందిన 20 మంది నల్లజాతి సైనికులు మోంటానాలోని ఫోర్ట్ మిసూలా నుంచి సెయింట్ లూయిస్ దాకా సైకిళ్ళ మీద వెళ్ళారు. 1,900 మైళ్ళు, 41 రోజులు. కొండల్లో వాన, మంచు, బురద ఎదురైన చోట బరువు బండ్లను నెట్టుకుంటూ నడిచారు. వాళ్ళు దిగి నడిచారని ఆ ప్రయాణం ఏమీ తక్కువైపోలేదు.

ఇక అసలు చెప్పాలనుకున్న మాట.

రీప్యాక్ పందేల్లో తొక్కిన జో బ్రీజ్ 1977లో అలాంటి దారుల కోసమే కొత్తగా ఫ్రేము కట్టాడు. అలా చేసిన మొదటి బండి ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో మౌంటెన్ బైకులను పెద్దయెత్తున అమ్మకానికి తెచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ ఆటకు చోటు దొరికింది. ఇరవై ఏళ్ళలో ఇంత ఎదుగుదల. కానీ అదే కాలంలో, ఈ ఆటకు పుట్టిల్లయిన మారిన్ కౌంటీలోని టామల్పాయిస్ కొండ మీద ఏం జరిగిందో చూడు. సన్నని కాలిబాటల్లో మలుపు తిరిగేసరికి మీదికి దూసుకొచ్చే సైకిళ్ళను చూసి నడిచేవాళ్ళు హడలిపోయారు. గుర్రాలు బెదిరాయి. ఫిర్యాదులు పెరిగాయి. చాలా కాలిబాటల్లో సైకిళ్ళను నిషేధించారు. మిగిలిన వెడల్పు దారుల్లో గంటకు 15 మైళ్ళ పరిమితి పెట్టారు, మూల మలుపుల్లో 5 మైళ్ళు. వేగం కొలిచే రాడార్లు పట్టుకుని రేంజర్లు కాపు కాశారు. చివరికి 1988లో కాలిఫోర్నియా సైకిల్ క్లబ్బులు కలిసి అంతర్జాతీయ మౌంటెన్ బైకింగ్ సంఘాన్ని పెట్టి, బాట మీద ఎలా మెలగాలో నియమాలు రాసుకోవలసి వచ్చింది.

కొండ ఎవరినీ తరిమెయ్యలేదు తల్లీ. కొందరి దూకుడుకు అందరూ దారి పోగొట్టుకున్నారు. నెమ్మదిగా తొక్కేవాడికీ అదే శిక్ష పడింది. పెదనాన్నకు ఇది తీరని బాధ కలిగించే విషయం.

నువ్వు తొక్కిన చైనా క్యాంప్, కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో సన్నని బాటల మీద సైకిళ్ళను రానిచ్చే కొద్దిచోట్లలో ఒకటి. అక్కడ నడిచేవాళ్ళూ వస్తారు, గుర్రాలూ వస్తాయి. వాళ్ళకు దారి వదలాల్సింది నువ్వే. గుర్రం కనిపిస్తే ఆగు, దిగు, పక్కకు జరిగి దాని మీదున్న మనిషిని పలకరించు. మనిషి గొంతు వింటే ఆ జంతువు కుదుటపడుతుంది. వాన వెలిసిన వెంటనే వెళ్ళకు. తడి మట్టిలో టైరు గాడి పడితే, తర్వాత వచ్చే నీళ్ళన్నీ ఆ గాడిలోంచే పారి బాటను కోసేస్తాయి. టైరుకు మట్టి అంటుకుంటోందంటే వెనక్కి తిరిగి రావలసిందే.

ఫొటోలో హ్యాండిల్ మీద పెదనాన్న వెతికింది గంట. కనిపించలేదు. రబ్బరు పట్టీతో బిగించుకునే గంటలు దొరుకుతాయి, ఏ అద్దె బండికైనా పెట్టుకోవచ్చు. ఆదివారంలోపు ఒకటి కొనుక్కో. మలుపుకు ముందే మోగించు.

ఇట్లు,
మీ పెదనాన్న