తలకు చిక్కిన చొక్కా

ఇటలీలో సాన్‌సెపోల్‌క్రో అని చిన్న ఊరు. 15వ శతాబ్దంలో ఆ ఊరివాడే పియెరో డెల్లా ఫ్రాంచెస్కా, గుడ్డుసొన కలిపిన రంగులతో యేసు బాప్తిస్మాన్ని పోప్లార్ చెక్క మీద చిత్రించాడు. ఆ బొమ్మ చుట్టూ నేను అల్లుకున్న కథ ఇది.

ఆ ఊళ్లో ఒక ముసలి చిత్రకారుడి దగ్గర ఓ కుర్రాడు పని నేర్చుకునేవాడు. లేఖనాలన్నీ నోటికొచ్చినవాడు. ఒకనాడు పొద్దున్నే గురువు, "చర్చికి పోయి ఆ బొమ్మ చూసి రా నాయనా" అన్నాడు.

వెళ్లినంతసేపు పట్టలేదు, తిరిగొచ్చాడు. "చూశాను గురువుగారూ. పావురం పరిశుద్ధాత్మ. ముగ్గురు దేవదూతలు త్రిత్వానికి గుర్తు. ఆ నీళ్లు యొర్దాను..." గడగడా అప్పజెప్పాడు.

"పావురం పక్కన ఏముంది?"

"ఆకాశం."

"మళ్లీ వెళ్లు."

ఈసారి మధ్యాహ్నమైంది. "మబ్బులున్నాయి. రెక్కలు చాచిన పావురమూ మబ్బు తునకలూ ఒకే తీరు. ఏది మబ్బో ఏది పావురమో ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను."

గురువు ముఖం విప్పారింది. "మరి బాప్తిస్మమిస్తున్న యోహాను వెనక ఎవరు?"

కుర్రాడు నీళ్లు నమిలాడు. మళ్లీ వెళ్లాడు.

పొద్దుగూకాక వచ్చాడు. "ఒకతను బాప్తిస్మం కోసం చొక్కా విప్పుకుంటున్నాడు. నడుం వంచి తల మీంచి లాగుతుంటే గుడ్డ ముఖాన్ని కప్పేసింది. ఎదురుగా పావురం దిగివస్తోంది, అతనికి కనబడటం లేదు." కాసేపాగి తల దించుకున్నాడు. "పొద్దున నేనూ అలాగే నిలబడ్డాను గురువుగారూ."

గురువు ఏమీ అనలేదు. దీపం ముట్టించి, రంగులు నూరే రాయి అతని ముందుకు జరిపాడు.

నీతి: ముందే బట్టీపట్టిన అర్థం కళ్లకు గంతలు కడుతుంది.

పావురం పరిశుద్ధాత్మ అనడం తప్పు కాదు, సువార్తల్లో ఉన్నదే. కానీ దాన్ని పియెరో మబ్బుల్లో మబ్బులా ఎందుకు కలిపాడన్న ప్రశ్న చూసినవాడికే పుడుతుంది. చొక్కా విప్పే మనిషి సువార్తల్లో లేడు, బొమ్మలో ఉన్నాడు. వంతు కోసం తొందరపడుతున్న ఆ మామూలు మనిషే నాకు అందరికంటే దగ్గరివాడు.

1861 నుంచి ఈ బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అక్కడున్న మనవాళ్లెవరైనా వెళ్తే, పక్కనున్న వివరాల పలక చదవకముందే కాసేపు దాని ఎదుట నిలబడండి.